చెల్లసామి గుండెలో కర్పగం గొంతు

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ నుంచి చెల్లసామి సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుంటాడు. భార్య కృష్ణమ్మాళ్ ఇంట్లో అగ్గిపెట్టెలు అంటించిన చేతి జిగురు తుడుచుకుని వచ్చి ఆయన రొమ్ముకు చెవి ఆనిస్తుంది. ముందు రైల్వేస్టేషన్ రొద. తర్వాత కూతురు కర్పగం గొంతు: "నాయినా, నువ్వు ఈడే ఉండు, నీళ్లు పట్టుకోని వచ్చేస్తా." ఆ వెంటనే బాంబు.

పేలేలోపల చెవి తీసేయడం కృష్ణమ్మాళ్‌కి అలవాటైపోయింది.

మూడేళ్ల కిందట రైల్వే ఉద్యోగం పరీక్షకని కూతుర్ని ఉత్తరాదికి తీసుకుపోయాడు చెల్లసామి. తిరుగు రైలు కోసం కూర్చున్నప్పుడు ప్లాట్‌ఫారం మీద పేలింది. ఆ చప్పుడు ఆయన గుండెలోకి పోయి అక్కడే ఉండిపోయింది. సర్కారు డాక్టరు స్టెతస్కోపు పెట్టి ఓపిగ్గా విని, "మంచి పిల్ల. నువ్వు ఉప్పు తగ్గించు" అన్నాడు. కర్పగంతో చదివిన జోతిలక్ష్మి పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చి, ఒకసారి విని, కళ్లు తుడుచుకుని పోయింది.

ఆనాడు దేశనాయకుడు టీవీలో, "ఒక్కణ్ణీ వదలం" అన్నాడు. తర్వాత ఇంకో ఊళ్లో పేలింది. అదే మాట. మరో ఊళ్లోనూ అంతే. కర్పగం కేసులో పట్టుకున్న ఇద్దరూ సాక్ష్యం చాలక బయటికొచ్చారు.

ఎన్నికల ముందు ఆ నాయకుడే విరుదునగర్ వస్తున్నాడని తెలిసింది. పార్టీ మనిషి ఆరుముగం ఇంటికొచ్చి, "మామా, మిమ్మల్ని స్టేజీ మీదికి ఎక్కిస్తాం. అయ్య శాలువా కప్పుతారు" అన్నాడు.

"మాట్లాడనిస్తారా?" అంది కృష్ణమ్మాళ్.

"చూద్దాం అత్తా."

బస్సెక్కేముందు ఆమె మొగుడి చొక్కా గుండీ సరిచేసింది. "ఇదో, ఒకటే అడుగు. ఎవుర్ని పట్టినారు, ఎవుర్ని విడిచినారు అని."

స్టేజీ మీద మైకు చెల్లసామి దాకా రాలేదు. నాయకుడు శాలువా కప్పి, ఫొటోలవాళ్ల వైపు తిరిగి, ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. పొట్టి మనిషి. చెవి సరిగ్గా చెల్లసామి రొమ్ముకు తగిలింది.

"అయ్యా, నా బిడ్డను చంపినోళ్లను ఏం చేశారు?" అని అరవంలో అడిగాడు చెల్లసామి.

నాయకుడు పక్కనున్న దుబాసీ వైపు చూశాడు. "మీకు దండాలు చెబుతున్నాడు" అన్నాడు దుబాసీ హిందీలో. ఉత్తరాదికి పోయొచ్చిన చెల్లసామికి ఆ మాత్రం హిందీ తెలుసు. కాదని చెప్పేలోపల ఎవరో భుజం పట్టి మెట్లు దింపారు. అప్పుడే రొమ్ము తేలికగా ఉన్నట్టు తోచింది.

ఇంటికొచ్చాక కృష్ణమ్మాళ్ చెవి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"గుండెకాయ కొట్టుకుంటా ఉంది. అంతే" అంది.

వారం తర్వాత పేపర్లో పడింది. నాయకుడి చెవిలో ఏదో హోరు, సభలు రద్దు. టీకొట్టు దగ్గర అందరూ సంతోషించారు. "ఇంక నిద్ర పట్టదులే. ఏదో ఒకటి చేసే తీరాల" అన్నాడు టీకొట్టు సుడలైమాడన్. కృష్ణమ్మాళ్ కూడా నెలరోజులు రోజూ పేపరు చదివించుకుంది. ఆ పిల్ల ఎవరని ఢిల్లీ నుంచి ఎవరైనా అడుగుతారేమోనని పగలంతా తలుపు తీసే ఉంచింది.

ఎవరూ రాలేదు. పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారనీ, హోరు పూర్తిగా పోయిందనీ, నాయకుడు హాయిగా ఉన్నాడనీ పేపర్లో వేశారు.

ఆరోజు చెల్లసామి పనికి పోలేదు. చక్కని తెల్లకాగితం తెచ్చి, నాయకుడికి ఉత్తరం రాశాడు. నేరస్థుల సంగతి ఇక అడగలేదు. మీ చెవిలోంచి తీసింది మా పాప గొంతు, పారేయకుండా ఉంటే దయచేసి తిరిగి పంపించండి, అని మాత్రం రాశాడు.

రెండు నెలలకు సర్కారు ముద్రతో కవరొచ్చింది. లోపల ఒకటే వాక్యం: మీ వినతి పరిశీలనలో ఉంది.

"అంటే ఏమి? పాప మాట విన్నారా, వినలేదా?" అంది కృష్ణమ్మాళ్.

చెల్లసామి ఆ ఒక్క వాక్యాన్నీ మళ్లీ మొదటి నుంచి చదివాడు.