గేటు దగ్గర ఖాదర్‌బీ

ఆటో ఎక్కే ప్రతి మనిషినీ ఎగాదిగా చూశాకే ఖాదర్‌బీ పక్కకు జరిగి చోటిస్తుంది. ఎవరు మొగుడితో తగాదా పడి వచ్చారో, ఎవరు ఇంకో మేస్త్రి దగ్గరికి పోదామని చూస్తున్నారో ఆ చూపుతోనే తేల్చేస్తుంది. చాలాసార్లు తప్పే తేలుస్తుంది. ఆ మాట ఆమెతో అనే ధైర్యం ముఠాలో ఎవరికీ లేదు.

గుంటూరు పొలిమేరలో, కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో వాళ్ల పని. ఎండు మిరపకాయల తొడిమలు తీయాలి. ఊరినుంచి ఆడవాళ్లను తీసుకొచ్చే మేస్త్రి ఖాదర్‌బీ. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, కారం పట్టి పగిలిన వేళ్లు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికని పోయిన మొగుడు అక్కడ ఇంకో సంసారం పెట్టాడు. ఊరంతటికీ తెలిశాక ఆఖరున తెలిసింది ఆమెకే. అప్పటినుంచీ ఏ ఇద్దరు మెల్లగా మాట్లాడుకున్నా అది తన గురించేననుకుంటుంది.

ఈమధ్య ఆమె కళ్లు షాజాదీ మీద పడ్డాయి. షాజాదీది పక్కిల్లే. మొగుడి సంగతి బయటపడ్డప్పుడు గడియ వేసుకుని కూర్చున్న ఖాదర్‌బీ చేత తలుపు తీయించి, అన్నం కలిపి తినిపించింది ఆమే. అయితే మాత్రం? పని మధ్యలో లేచి బస్తాల వెనక్కి ఎందుకు పోతోంది? వచ్చేటప్పుడు చెయ్యి బొడ్డు దగ్గర ఎందుకుంటోంది?

"ఏదే షాజాదీ?" మధ్యాహ్నం మళ్లీ చోటు ఖాళీగా కనిపించేసరికి అడిగింది.

"నీళ్లకు పోయిందేమో అక్కా," అంది రిహానా, కాయల మీదనుంచి తల ఎత్తకుండా.

తల ఎత్తలేదంటే దీనికీ తెలుసన్నమాట. మంచి కాయలు మూట కడుతోందా? లేక ఇంకో మేస్త్రి మరియదాసు ముఠాలోకి పోవడానికి ఫోన్లో మాట్లాడుకుంటోందా? ఖాదర్‌బీ అడుగు చప్పుడు కాకుండా బస్తాల వెనక్కి వెళ్లింది. షాజాదీ గోడవైపు తిరిగి, ముడుచుకుని కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నీడ పడగానే చేతిలోదేదో బొడ్లో దోపుకుంది.

"ఏంటే అది?"

"ఏం లేదక్కా."

ఖాదర్‌బీ వెనక్కొచ్చి తన చోట్లో కూర్చుంది. సాయంత్రం గేటు దగ్గర, ముఠా అంతా చూస్తుండగా, వాచ్‌మన్ పక్కనే నిలబడి షాజాదీని ఆపింది.

"బొడ్లోది తియ్యి."

"ఇంటికెళ్లాక చూపిస్తానక్కా."

"ఇక్కడే తియ్యి."

షాజాదీ అందరి మొహాలూ చూసింది. బొడ్లోంచి తీసి అరచేయి చాపింది. ఆయాసానికి నోట్లో పెట్టుకుని పీల్చే మందు. నీలం గొట్టం నిండా ఎర్రటి దుమ్ము. వాచ్‌మన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆయాసమని తెలిస్తే నన్ను పన్లోకి తీసుకొస్తావా అక్కా?"

తీసుకొచ్చేది కాదు. అది ఇద్దరికీ తెలుసు.

"దొంగసొత్తు కానప్పుడు దాచడమెందుకే?" అంది ఖాదర్‌బీ, గొంతు తగ్గించకుండానే.

ఆటోలో షాజాదీకి ఖాదర్‌బీ పక్కన తప్ప చోటు లేదు. పత్తి తీసేసిన చేల మీదుగా దుమ్ము లేస్తోంది. కాసేపటికి షాజాదీ తల ఆమె భుజం మీదికి వాలింది. నలుగురిలో పరువు తీశాను కదా, ఇలా మెత్తబరచాలని చూస్తోంది, అనుకుంది ఖాదర్‌బీ. భుజం బిగించి కూర్చుంది. చెవి పక్కన ఈల వేసినట్టు ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఊరి దగ్గరి మలుపులో ఆ ఈల ఆగింది. ఇప్పుడు నిజంగానే నిద్ర పట్టినట్టుంది అనుకుంది.

ఆటో ఆగింది. అందరూ దిగారు.

"లేవే. నాటకం చాల్లే."

భుజం వెనక్కి తీసుకోగానే షాజాదీ సీటు మీద పక్కకు ఒరిగిపోయింది. రిహానా కేక పెట్టింది. వీధిలోంచి మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఊళ్లో మందులిచ్చే డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకుని, కనురెప్ప ఎత్తి చూసి, నెమ్మదిగా వదిలేశాడు. నలుగురు కలిసి ఆమెను ఇంటికి మోసుకుపోయారు.

ఖాదర్‌బీ ఆటోలోనే ఉండిపోయింది. దింపడానికి రిహానా చెయ్యి అందించింది.

"మేలుకుంటుందని... అందుకే కదల్లేదే నేను," అంది ఖాదర్‌బీ.

రిహానా చెయ్యి వెనక్కి తీసుకుంది.

డ్రైవరు దీపం వేశాడు. సీటు కింద, తెగిన పట్టీని బస్తాలు కుట్టే పురికొసతో ముడేసిన షాజాదీ చెప్పొకటి బోర్లా పడి ఉంది.