మరక పడని నూనె

తొమ్మిది రోజులుగా సూదక్క కూర్చోలేదు.

చొక్కాలు కుట్టే ఆ కర్మాగారంలో రెండు వందల మంది ఆడవాళ్లు రోజంతా కూర్చునే పని చేస్తారు. కొత్తగా చేరినవాళ్లకు కాలరు కుట్టడం నేర్పడం సూదక్క పని. మిషను చప్పుడు విని సూది వంగిందో లేదో చెప్పగలదు కాబట్టి ఆమెకు ఆ పేరు వచ్చింది. నేర్చుకునేవాళ్ల పక్కన స్టూలు వేసుకుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని నేర్పడం ఆమె పద్ధతి. అలాంటి మనిషి ఒక రోజు ఉన్నట్టుండి స్టూలును గోడవారకు నెట్టేసి, నిలబడి, నడుం వంచి నేర్పడం మొదలుపెట్టింది.

"ఏంటక్కా, సూపర్‌వైజరు పోస్టు మీద కన్నేశావా ఏంటి? కూర్చోవా ఇక?" అని అడిగింది ఒకామె.

"ఇరవై ఏళ్లు కూర్చుని నడుం పట్టేసిందే తల్లీ. నువ్వు నీ కుట్టు చూసుకో, నా కాళ్ల సంగతి నేను చూసుకుంటా."

అందరూ నవ్వారు. సూదక్క కూడా నవ్వింది. గుండీలు కుట్టే పెద్దావిడ మాత్రం నవ్వలేదు. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక తన ఉన్ని స్వెట్టరును నాలుగు మడతలు పెట్టి ఆ స్టూలు మీద పరిచి వెళ్లిపోయింది. 

పదో రోజు కొత్తగా చేరిన ఒకామె కుట్టు ముడతలు పడుతోంది. తప్పు పెడల్ దగ్గర ఉంది. తాను తొక్కి చూస్తే తప్ప తెలియదు. సూదక్క ఆ స్వెట్టరు మీద మెల్లగా, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఆమె నుదురంతా చెమట పట్టింది. "పెడల్ మెల్లగా తొక్కు. బట్టను నెట్టకు, మిషనే లాక్కుంటుంది..." అంటూనే ముందుకు తూలి, మిషను మీద తల ఆనించింది. పట్టుకున్న వాళ్ల చేతులకు ఆమె ఒళ్లు పెనంలా కాలింది.

కర్మాగారం వెనక ఒకటే గది ఉన్న వైద్యశాలకు ఆమెను మోసుకెళ్లారు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఒక్కరే నర్సు. అందరూ సిస్టరమ్మ అంటారు.

"ఏమైందమ్మా?"

"వేడి చేసింది."

"ఎక్కడ?"

సూదక్క మాట్లాడలేదు. సిస్టరమ్మ మరో ప్రశ్న వేయలేదు. తన కుర్చీని ఆమె మంచం పక్కకు జరిపి, కిటికీ వైపు తిప్పి కూర్చుంది. ఇద్దరి చూపులూ బయటి గోడ మీదే ఉన్నాయి. మొహం చూస్తూ చెప్పలేని మాటలు గోడను చూస్తూ చెప్పవచ్చని ఆ నర్సుకు అనుభవం మీద తెలుసు.

"చెప్పు. నేను అటు చూడను."

సూదక్క చెప్పింది. చెప్పడానికి అరగంట పట్టింది.

ఆమె చెప్పినది అర్థం కావాలంటే ఆ ఇంటి సంగతి కొంత తెలియాలి. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. తాగడు, చెయ్యి చేసుకోడు. ఒక్కతే కూతురు, ఇరవై ఒక్క ఏళ్లది, దూరంగా హాస్టల్లో చదువుకుంటోంది. ఆ పిల్ల పుట్టినప్పుడు పడిన కుట్లు సరిగా మానలేదు. అప్పటి నుంచి భర్త దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమెకు నొప్పే. ఎవరికీ చెప్పలేదు. పళ్ల బిగువున ఓర్చుకుంటూ, ఎప్పుడు అయిపోతుందా అని గోడ గడియారం చూస్తూ పడుకునేది. ఆరేళ్ల కిందట ఒకసారి ఆయన లేచి కూర్చుని, "కట్టెతో కాపురం చేస్తున్నట్టుంది" అన్నాడు. ఆ మర్నాడు తన పరుపు ముందు గదిలోకి మార్చుకున్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. కట్టెనేనేమో అనుకుంది. ఆరేళ్లుగా అలాగే అనుకుంటూ వచ్చింది.

ఈ మాట ఆమె ఈ మధ్యే ఒకే ఒక్కరితో చెప్పుకుంది. బట్ట కత్తిరించే విభాగంలో పనిచేసే ఆమెను అందరూ కత్తెర అంటారు. ముప్పై ఎనిమిదేళ్లు, పెళ్లి చేసుకోలేదు, నోటికి అడ్డూ ఆపూ లేదు. విన్న వారం రోజులకు భోజనాల వేళ సూదక్క ఒళ్లో ఒక చిన్న పెట్టె పెట్టింది.

"ఏంటే ఇది?"

"వైబ్రేటరు వదినా. సన్నగా అదురుతూ ఒంటికి హాయినిచ్చే మిషను. కొత్తది, విప్పలేదు. నీ బొటనవేలంత ఉంటుంది. నువ్వు కట్టెవి కాదని సాక్ష్యం చెబుతుంది."

"ఛీ! నోరు ముయ్."

"నోరు మూస్తా, నువ్వు సంచి తెరువు."

సూదక్క సంచి తెరిచింది. ఇంటికి పోయే దారిలో ఆమె చేసిన మొదటి పని, ఆ వస్తువును సంచి అడుగున దాచి, పెట్టెను ముక్కలు ముక్కలుగా చింపి బస్టాపు చెత్తడబ్బాలో వేయడం. ఎలా వాడాలో, ఎలా వాడకూడదో రాసిన కాగితం ఆ పెట్టెలోనే ఉంది. అదీ ముక్కలైంది. భర్త కంట పడకూడదన్న భయంతో ఆమె ఆ కాగితాన్ని విప్పి చూడనైనా లేదు.

ముందు గదిలో ఆయన ఉంటాడు. స్నానాల గదికి గడియ సరిగా పడదు. ఆ వస్తువు చప్పుడు ఆయనకు వినిపించకుండా కుళాయి తిప్పి పెట్టేది. బకెట్ నిండేలోగా అంతా అయిపోవాలి. మూడో రోజున, నలభై నాలుగేళ్ల వయసులో, తన ఒంట్లో అంత హాయి దాగి ఉందని ఆమెకు మొట్టమొదటిసారి తెలిసింది. గోడకు చేరబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. కట్టె కాదు తను. ఆ సంగతి చెప్పుకోవడానికి కుళాయి తప్ప ఎదురుగా ఎవరూ లేరు.

తర్వాతి రోజుల్లో తొందర పెరిగింది. బకెట్ నిండేది, ఆమెకు అయ్యేది కాదు. వైబ్రేటరు వేగం మీట పూర్తిగా తిప్పి, గట్టిగా నొక్కి పెట్టేది. తడి ఆరిన చోట చర్మం ఒరుసుకుపోయింది. మొద్దుబారితే ఇంకా నొక్కింది. మంట మొదలయ్యాక, జారుడుగా ఉండేది ఏదైనా కావాలని తోచింది. మందుల షాపులో అడగవచ్చు. కానీ ఏమని అడగాలి? కౌంటరు దగ్గర నలుగురు మగాళ్లు నిలబడి ఉంటారు. ఆమె పనిచేసే చోట ప్రతి మిషను పక్కనా పొడుగు ముక్కు సీసాలో కుట్టు మిషను నూనె ఉంటుంది. నీళ్లలా తెల్లగా ఉంటుంది, వాసన రాదు. తెల్ల చొక్కా మీద చుక్క పడినా ఉతికితే పోతుంది. చిన్న సీసాలో కొంచెం పోసుకుని ఇంటికి తెచ్చుకుంది.

అది ఇనుము కోసం చేసిన నూనె. అప్పటికే చిట్లిన లేత చర్మానికి దాన్ని రోజూ రాసింది. పుండ్లు పడ్డాయి. మందుల షాపుకు పోయి "వేడి చేసింది" అంటే వాళ్లు దురద మందు చేతిలో పెట్టారు. దానితో పుండు లోపలికి పాకింది.

అంతా విన్న సిస్టరమ్మ లేచి, వేడి నీళ్లలో చేతులు ముంచి వెచ్చబరుచుకుని వచ్చింది. చల్లటి చేతులతో తాకకూడదని. చూసింది. తిట్టలేదు, పెదవి విరవలేదు. దుప్పటి సరిచేసి కాగితం, కలం తీసుకుంది.

"లోపల చీము పట్టిందమ్మా. పెద్దాసుపత్రికి పంపిస్తాను. మిషను నూనె వాడావని, దేనితో వాడావో అది కూడా ఇందులో రాయాలి. రాయనా?"

"రాయకపోతే?"

"వేరే రోగమనుకుని వేరే మందిస్తారు. ఆ దురద మందు చేసిన పనే అదీ చేస్తుంది. ఈసారి నీకు వ్యవధి లేదు."

"ఆ కాగితం ఎంతమంది చదువుతారు సిస్టరమ్మా?"

"చాలామందే చదువుతారు." ఆమె అబద్ధం చెప్పలేదు.

సూదక్క ఎదుటి గోడ మీది ఇటుక వరసలు ఒకటొకటిగా లెక్కపెట్టింది. ఇరవై ఒక్క ఏళ్లు ఏ వైద్యుల ముందూ నోరు విప్పని మనిషి, ఇంకో పూట విప్పకపోతే ప్రాణం మీదికి వచ్చేది.

"రాయండి," అంది చివరికి.

చదివారు. పెద్దాసుపత్రిలో చీటీ చదివిన యువ డాక్టరు పక్కవాడికి చూపించాడు. ఆయా ఇంకో ఆయాకు చెప్పింది. చీము తీస్తున్నంతసేపూ బయట నిలబడి ఉన్న భర్తకు ఆ సంగతి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. మందుల ట్రాలీ తోసుకుపోతున్న ఇద్దరు నవ్వుకుంటుంటే విన్నాడు.

లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆయన వేళ్ల సందుల్లో గ్రీజు ఉంది. పాతికేళ్లుగా నూనెలతో బతుకుతున్న మనిషి. ఏ నూనె దేనికో, ఏది చర్మాన్ని తింటుందో ఆయనకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

"మిషను నూనె ఏంటి? డబ్బా మీద రాసే ఉంటుంది కదా, ఒంటికి తగలనివ్వొద్దని. నన్నొక్క మాట అడగలేకపోయావా?"

"మీరు నన్ను కట్టె అన్నారు."

"నేనా? ఎప్పుడు?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "గుర్తు లేదే," అన్నాడు.

అబద్ధం ఆడటం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. తన బతుకును ఆరేళ్లు మూసేసిన మాట, అన్నవాడికి గుర్తు కూడా లేదు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

కత్తెర రోజూ వచ్చేది. మూడు రోజులు మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చి, నాలుగో రోజు, "ఆ పెట్టెలోని కాగితం నేనే చదివి వినిపించాల్సింది వదినా. పెద్ద పుడింగిలా ఇచ్చి వెళ్లిపోయాను," అంది. ఇంటికి వెళ్లిన రోజున ముందు గదిలో కుర్చీ మీద మధ్యలో గుండ్రంగా కోసిన స్పాంజి దిండు కనిపించింది. లిఫ్టు సామాన్ల పెట్టెల్లో వచ్చే స్పాంజిని భర్త కోసి కుట్టాడు. కుట్టు వంకరగా ఉంది. ఆమె ఆ దిండు మీదే కూర్చుంది.

ఆరు వారాల తర్వాత పనిలోకి వచ్చి, ముందు సిస్టరమ్మ గదికి వెళ్లింది. ఈసారి కుర్చీ కిటికీ వైపు తిప్పనక్కరలేకపోయింది.

"ఒకటి అడగాలి. ఇక నాకు... ఆ హాయి ఉండదా?"

ఇంత వయసు వచ్చాక తన ఒంటి గురించి ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అది.

"కుడి పక్క మచ్చ పడింది. అక్కడ స్పర్శ తిరిగి రాకపోవచ్చు. దాచి ఏం లాభం?" అంది సిస్టరమ్మ. "మిగతాది ఉంది. పుండు పూర్తిగా మానిందని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పేదాకా ఆగు. పాత నొప్పికి కూడా వైద్యం ఉంది, అదీ అడుగు. ఆ తర్వాత ఆ వైబ్రేటరు నిక్షేపంగా వాడుకో. గడియ బాగు చేయించుకో, కుళాయి కట్టేయ్. బకెట్ నిండే లోపల ఎవరికి సుఖం వస్తుందమ్మా? మందుల షాపులో నీళ్లతో చేసిన జెల్ దొరుకుతుంది, పేరు రాసిస్తాను. అది ధారాళంగా రాసుకో. మొదట్లో పలుచని నూలు బట్ట మీదుగా, అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టు. పైన ఉండే చిన్న మొగ్గను క్లిటోరిస్ అంటారు, నరాలన్నీ అక్కడ కిక్కిరిసి ఉంటాయి. నేరుగా దాని కొన మీద అదమకు. చుట్టూ, పక్కలకు, నీకు ఎక్కడ బాగుంటే అక్కడ. మొద్దుబారుతోందనిపిస్తే ఆపేయ్, ఇంకా నొక్కకు. నొప్పి ఉన్న రోజు దాని జోలికే పోకు. అయ్యాక వాసన లేని సబ్బుతో కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టిపెట్టు."

సూదక్క పెడల్ తొక్కినట్టు పాదంతో నేలను మెల్లగా నొక్కింది.

"కొత్తవాళ్లకు నేను చెప్పేదీ ఇదే కదా సిస్టరమ్మా. మెల్లగా తొక్కు, నెట్టకు అని. నాకు నేనే చెప్పుకోలేకపోయాను."

"నీకు ఎవరైనా పక్కన కూర్చుని చెప్పారా?"

ఆ మాట ఆమెను పట్టుకుంది. తిన్నగా తన లైనుకు వెళ్లింది. మొదటి మిషను పక్కనున్న నూనె సీసా తీసుకుని, కాలరు పట్టీ ముక్క మీద మార్కింగ్ పెన్సిలుతో "ఇనుముకు మాత్రమే" అని రాసి, సీసాకు చుట్టి కుట్టసాగింది.

"ఇనుముకు కాక ఇంకెందుకు వాడతారక్కా? తలకు అంటుకుంటామా?" అని ఒకామె అంది. లైనంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో కొన్ని గొంతులకు సంగతి ముందే తెలుసు. పెద్దాసుపత్రి చీటీ సంగతి కర్మాగారం దాకా రానే వచ్చింది. కత్తెర విసురుగా లేవబోతే, సూదక్క చేత్తో వారించింది.

గోడవారన ఉన్న స్టూలును లైను మధ్యకు లాక్కుంది. స్వెట్టరు ఇంకా దాని మీదే ఉంది. జాగ్రత్తగా కూర్చుంది. మిషన్లు ఒకటొకటిగా ఆగాయి.

"నేను వాడాను," అంది. "ఎందుకు వాడానో చెబుతా. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి. తర్వాత మీలో ఎవరికైనా అవసరమైతే నన్ను అడగండి, నూనె సీసాను కాదు."

ఎవరూ నవ్వలేదు. గుండీలు కుట్టే పెద్దావిడ లేచి హాలు తలుపు దగ్గరగా వేసి వచ్చింది. సూదక్క మొదలుపెట్టింది.

ఒంటికి హాయి కావాలనుకోవడం నేరం కాదు, అడగడం అంతకన్నా కాదు; తన ఒంటి మాట అడిగిన ఆడదాన్ని చూసి నవ్విన ప్రతి నోరూ ఆమె గాయంలో భాగం పంచుకుంటుంది, ఆ నోళ్లు మన ఇళ్లలోనివే.