రెండో చరణంలో ‘టిక్’

ఉదయం ఎనిమిదిన్నరకు కూకట్‌పల్లి మలుపులో అశ్విని రోజూ వచ్చే క్యాబ్ ఎక్కేసరికి రేడియోలో ఆ పాటే వస్తోంది. డ్రైవర్ లింగయ్య సౌండు పెంచాడు. రెండో చరణం మొదట్లో డోలక్ మధ్యన ‘టిక్’మని చిన్న చప్పుడు.

“ఇగో, గదే నేను.”

లింగయ్యకు యాభై తొమ్మిదేళ్లు. పొట్టి మెడ, పెనాలంత అరచేతులు. ఒకప్పుడు వాయించింది డోలక్, ఇప్పుడు వాయించేది హారన్. ముప్పయ్యేళ్ల కిందట ఆ పాట రికార్డింగులో వేలి ఉంగరం తీయడం మరిచాడు. అది డోలక్ చెక్కకు తగిలింది. పాటకు రెండో టేకు లేదు, లింగయ్యకు రెండో పిలుపూ లేదు. రేడియోలో మోగినప్పుడల్లా పాడినామెకు వాటా ముడుతోంది. క్యాసెట్ అట్ట మీద పేరు లేని డోలక్ వాడిది మాత్రం డోలాయమానమే.

“నీ వాటా కోసం సంఘం ఫారం నింపినానన్నా. సాక్ష్యం దగ్గర ఖాళీగా ఉండాది. ఏం చూపిస్తావు?” అంది అశ్విని.

“ఫికర్ చెయ్యకు బిడ్డా, తెచ్చిన,” అంటూ చొక్కా జేబు తట్టాడు.

ఆమెను ఆఫీసు దగ్గర దించి, పదకొండింటికి శేరిలింగంపల్లిలోని కళాకారుల సంఘానికి వెళ్లాడు. గుమాస్తా విశ్వేశ్వరరావు ఫారం తిప్పి చూశాడు.

“ఈ పాటకి ఇప్పటికే ముగ్గురొచ్చారండీ. అందరూ నేనే వాయించానంటారు.”

లింగయ్య జేబులోంచి రాగి ఉంగరం తీశాడు. లావెక్కిన వేలికి ఎక్కలేదు. చిటికెన వేలికి తొడిగాడు.

“పాట పెట్టుండ్రి సారూ.”

ఫోనులో పాట, బల్ల మీద లింగయ్య చేతులు. రెండో చరణంలో చెయ్యి అప్పుడు జారినచోటే జారింది. రెండు టిక్కులూ ఒక్కటిగా వినిపించాయి.

విశ్వేశ్వరరావు కళ్లజోడు తీశాడు. “ఆ ముగ్గురూ బాగా వాయించామనే చెప్పారండీ. తప్పు చేశానన్నది మీరొక్కరే.” కలం తీసి పేరు రాశాడు. “ఉంగరం ఇక్కడుంచండి, రేపు ఫొటో తీసి జత చేస్తాను. ఇకనుంచి మోగినప్పుడల్లా మీ వాటా మీకొస్తుంది.”

“పాడినామెకొచ్చినంతనా?”

“అంత రాదండీ.”

“రాకపోనీ. పేరుతోని వస్తది గదా.”

సాయంత్రం ఆరింటికి ఆఫీసు టవర్ కింద క్యాబ్ నిలిచి ఉంది. ఇంజను ఆగింది, రేడియో ఆగలేదు. లింగయ్య సీటు వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు. “అన్నా, పోదామా?” అని అశ్విని భుజం తట్టింది. అతను అప్పటికే పోయాడు. దవాఖానలో గుండెపోటు అన్నారు.

శేరిలింగంపల్లిలో సంఘం గదికి తాళం వేశారు గానీ ఫ్యాను ఆపడం మరిచారు. ‘డోలక్: లింగయ్య’ అని రాసిన కాగితం అంచులు లేచి పడుతున్నాయి. అది ఎగిరిపోకుండా, పైన రాగి ఉంగరం.