ఇత్తడి చెంబులో టీ

చెంగయ్య రోజూ పొద్దున్నే పాకాల గేటు దగ్గర ఖాదర్ బాషా అంగట్లో వేడి టీ ప్లాస్టిక్ కవర్లో కట్టించుకుని, టమోటా తోటకు మందు కొట్టే కొడుకు ధర్మేంద్రకు తీసుకెళ్లేవాడు. కొడుక్కి పెళ్లై ఆరేళ్లైనా పిల్లల్లేరు. తిరుపతి డాక్టరమ్మ పరీక్షలు చేసి, ధర్మేంద్రకు వీర్యకణాలు తక్కువన్నది.

"పురుగుమందు ఒంటిమీద పడనీయొద్దు. వేడివేవీ ప్లాస్టిక్‌లో పోసుకోవద్దు. వాటిలోని రసాయనాలు హార్మోన్లను చెడగొడతాయి. ఇదొక్కటే కారణమని చెప్పలేను, మానేసి చూడండి" అంది.

చెంగయ్య తన అరచేతిని చూసుకున్నాడు. ఆ కవరు మోసింది తన చెయ్యే గదా!

మరునాడు ఇత్తడి చెంబుతో అంగడికి వెళ్లాడు.

"ఏందప్పా, పొద్దున్నే సెంబు పట్టుకోనుండావు? సేను దావ మర్సిపోతివా?" అన్నాడు బాషా. బెంచీ మీదివాళ్లు పగలబడి నవ్వారు.

"నవ్వింది సాలు, టీ పొయ్యబ్బా. పిల్లల్లేని మావోడికి వేడిది ప్లాస్టిక్‌లో పొయ్యొద్దనింది డాక్టరమ్మ" అన్నాడు చెంగయ్య.

ఏడాదిగా రోజూ అదే నవ్వు. ధర్మేంద్ర కూడా చేతి తొడుగులు, మూతికి మాస్కు లేకుండా మందు పట్టలేదు.

ఈ రోజు బాషా టీ పోస్తుండగా చెంగయ్య ఫోన్ మోగింది. కోడలు ప్రసన్నకుమారి.

"మామా, మూడో నెలంట! డాక్టరమ్మ సెప్పింది!"

చెంగయ్య కళ్లు నిండాయి. ఫోన్లో మాట విన్న బాషా చెంబులో ఇంకో గరిటె చక్కెర వేసి, గొంతు తగ్గించాడు.

"మా కొడుకు అష్ఫాక్‌కూ పెండ్లయి మూడేండ్లాయె. ఈ సెంబు యాడ కొన్నావప్పా?"

"ముందు సేను దావ సూపించు, సెప్తా" అన్నాడు చెంగయ్య.

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది చెంగయ్యే.