అందినది

నేను ఒక రబ్బరు స్టాంపును. కొయ్య పిడి, అడుగున రబ్బరు, నడుమ తేదీ మార్చుకునే చిన్న చక్రాలు, ఇంతే నా ఒళ్ళు. పైన స్కూలు పేరు, కింద ‘అందినది’ అనే ఒకే ఒక్క మాట. అంతకుమించి చదువు లేకపోయినా తొమ్మిదేళ్ళు హైస్కూలు ఆఫీసులో ఉద్యోగం చేశాను.

నేను పుట్టింది రాజమండ్రిలో, స్టాంపులు చేసే చిన్న దుకాణంలో. నాకు ముందు ఇంకొకడు పుట్టాడు. చేసినాయన ఏ పరధ్యానంలో ఉన్నాడో, గుడిని ఒక అక్షరం పక్కకు జరిపి వాడిని ‘అందనిది’ అని చేశాడు. స్కూలు గుమాస్తా వీరభద్రం గారు కాగితం మీద ఒకసారి కొట్టి చూసి, “ఇదేంటండీ బాబూ, వచ్చిన కాగితాలన్నీ రాలేదని కొట్టుకోమంటారా? మార్చండి, ఆయ్” అని తిప్పి ఇచ్చేశారు. అప్పుడు నన్ను చేశారు. ఆ మొదటివాడినే తీసుకెళ్ళి ఉంటే హెడ్మాస్టరు చక్రధరరావు గారికి తరవాత అంత కష్టం వచ్చేది కాదు.

ఆఫీసులో నా పని తేలిక. సెలవు చీటీలు, స్కాలర్‌షిప్ ఫారాలు, పై ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాలు, అన్నిటి మీదా పడేదాన్ని. హెడ్మాస్టరు గారికి నా మీద అపారమైన గౌరవం. నేను పడితేనే కాగితం వచ్చినట్టు, పడకపోతే రానట్టు అని ఆయన సిద్ధాంతం. కళ్ళెదుట బల్ల మీద ఉన్న కాగితమైనా సరే, నేను పడలేదంటే ఆయనకు కనిపించేది కాదు.

ఒక సోమవారం లిఖిత అనే పిల్ల వాళ్ళమ్మతో వచ్చింది. తొమ్మిదో తరగతి, బి సెక్షను. వాళ్ళమ్మ కుమారి బట్టలు కుడుతుంది. చీర కుచ్చిళ్ళకు దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. పిల్లకు సైన్సంటే ఇష్టమని నాకు ముందే తెలుసు, ఏడాది కిందట సైన్సు ప్రదర్శనలో దానికి వచ్చిన ప్రశంసాపత్రం కాపీ మీద పడింది నేనే. ఇప్పుడు తెచ్చిన కాగితం వేరు. సైన్సు చెప్పే దివాకరం మాస్టారు ల్యాబులో పక్కకు వచ్చి నిలబడి ఒంటి మీద చేతులు వేస్తున్నారని, వద్దంటే ప్రాక్టికల్ మార్కుల గురించి గుర్తు చేస్తున్నారని అందులో ఉంది.

హెడ్మాస్టరు గారు రెండుసార్లు చదివారు. చదవడం వచ్చినవారే.

“ఇది క్లాస్ టీచరు ద్వారా రావాలమ్మా. పద్ధతి ఉంటుంది కదా.”

“క్లాస్ టీచరు దివాకరం మాస్టారేనండి,” అంది లిఖిత.

ఆయన కాసేపు పైకి ఫాను వంక చూశారు. ఆ మాస్టారి సబ్జెక్టులో ఆరేళ్ళుగా నూటికి నూరు శాతం పాసని బోర్డు మీద రంగులతో రాయించింది ఆయనే. “మంచి మాస్టారమ్మా. తండ్రిలాంటివాడు. నేను మాట్లాడతాలే,” అన్నారు.

“మాట్లాడండి బాబూ. ఇచ్చినట్టు స్టాంపేసి ఒక కాపీ ఇప్పించండి,” అంది కుమారి.

“స్టాంపు వేస్తే అది కాగితం అయిపోతుందమ్మా. కాగితం అయితే నేను జవాబు రాయాలి. పిల్ల పేరు పదిమంది నోళ్ళలో పడుతుంది. నీకెందుకా గొడవ?”

ఫిర్యాదు గాజు పేపర్‌వెయిట్ కిందకు వెళ్ళింది. వారం తరవాత వస్తే “చూస్తున్నాం” అన్నారు. ఇంకో వారానికి వస్తే మీటింగులో ఉన్నారు. ఆఫీసు గోడ మీద ‘మౌనం వీడండి’ అని పిల్లల కోసం అంటించిన పోస్టరు ఉండేది. ఫోను నంబరు ఉన్న కింది భాగాన్ని క్యాలెండరు కప్పేసింది. తల్లీకూతుళ్ళు ఆ పోస్టరు కిందనే నిలబడి వెళ్ళిపోయారు.

మంగళవారం మధ్యాహ్నం లిఖిత ఒక్కతే వచ్చింది. చేతిలో సెలవు చీటీ, రెండు కాపీలు. మా స్కూల్లో ఒక పీరియడ్ సెలవుకు పద్ధతి అదే. రెంటి మీదా నేను పడాలి, ఒకటి ఫైల్లోకి, రెండోది గేటు దగ్గర వాచ్‌మన్‌కు చూపించి పిల్లలే ఉంచుకోవాలి. వాచ్‌మన్ స్టాంపు చూస్తాడు, రాత చూడడు. వీరభద్రం గారు ‘విషయం: సెలవు’ వరకు చూస్తారు. కింద ఎప్పుడూ జ్వరమే ఉంటుంది కాబట్టి ఆ పైన చదవరు. శనివారం హెడ్మాస్టరు గారు చీటీల కట్టను మూలలు ఎత్తి వరసగా సంతకాలు పెడతారు.

నాకు మాత్రం ముఖం ఆనించక తప్పదు.

‘విషయం: ఒక పీరియడ్ సెలవు కోరుతూ. అయ్యా, ల్యాబులో దివాకరం మాస్టారు నా ఒంటి మీద చేతులు వేస్తున్నందువల్ల ఈ రోజు చివరి పీరియడ్‌కు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఇట్లు, తమ విధేయురాలు.’

రెండు దెబ్బలు పడ్డాను. అందినది, అందినది.

ల్యాబు మంగళ, శుక్రవారాల్లో. శుక్రవారం మళ్ళీ అదే చీటీ. మూడోసారికి ప్యాడ్‌లో సిరా ఎండిపోయి నేను మసకగా పడ్డాను. సరిగా పడిందో లేదోనని వీరభద్రం గారు కళ్ళద్దాలు దించి వంగి చూశారు. అలా చదివారు. పిల్ల ముఖం చూశారు, హెడ్మాస్టరు గది తలుపు చూశారు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. ఆయన సీసా తీసి ప్యాడ్‌కు సిరా పోసి, నన్ను నిండా అద్ది, రెండు కాపీల మీదా బల్ల అదిరేలా కొట్టారు. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాటతో తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చినదాన్ని నేను. అన్ని మాటలూ వచ్చిన మనిషి ఆయన.

మూడు వారాలు పోయాక ఒక రోజు వీరభద్రం గారు సుత్తి తెచ్చి, క్యాలెండరును పక్క గోడకు మార్చారు. ఆ మేకు మార్చడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. చీటీ ఇవ్వడానికి వచ్చిన లిఖిత పోస్టరు కింది నంబరును అరచేతిలో రాసుకుంది. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

మధ్యలో ఒక శుక్రవారం పండగ సెలవు పోగా, పదకొండో చీటీ తరవాతి సోమవారం జిల్లా నుంచి బాలల రక్షణ అధికారి ఫర్హానా గారు వచ్చారు. లిఖితనూ వాళ్ళమ్మనూ పిలిపించారు.

“మా స్కూల్లో అలాంటి ఫిర్యాదేదీ అందలేదు మేడమ్,” అన్నారు చక్రధరరావు గారు. స్టాంపు లేదు కనుక ఆయన లెక్కలో అది నిజమే.

లిఖిత జామెట్రీ బాక్సు తెరిచి మడతలు పెట్టిన పదకొండు చీటీలూ బల్ల మీద పరిచింది. వీరభద్రం గారు అడగకుండానే ఫైలు తెచ్చి, హెడ్మాస్టరు గారి సంతకాలున్న కాపీలు పక్కన పెట్టారు.

“ఇవి సెలవు చీటీలు మేడమ్. ఫిర్యాదులు కావు.”

“సెలవు మంజూరు చేశారు కదా,” అన్నారు ఫర్హానా గారు. “కారణం నమ్మకుండానే చేశారా?”

ఆయన మళ్ళీ ఫాను వంక చూశారు.

“ఇలా ఎందుకు రాశావమ్మా?” అని ఫర్హానా గారు లిఖితను అడిగారు.

“ఫిర్యాదు అని రాస్తే స్టాంపు వెయ్యలేదండి. సెలవు అని రాస్తే వేశారు.”

పేపర్‌వెయిట్ కింద కాగితం ఇంకా ఉంది. ఆవిడ దాన్ని తీయించి ఆ రోజు తేదీతో స్టాంపు వేయమన్నారు. వీరభద్రం గారు చక్రాలు తిప్పారు. నా జన్మలో అంత మెల్లగా ఎప్పుడూ పడలేదు. లిఖిత ఆ మాటను వేలితో తాకబోయి, సిరా ఆరలేదని ఆగింది.

“మేడమ్,” అంది. “నేను పోగొట్టుకున్న పదకొండు ల్యాబ్ క్లాసులూ మళ్ళీ ఎవరైనా చెప్తారా అండి?”

కుమారి కొంగుతో ముఖం తుడుచుకుంది.

దివాకరం మాస్టారి మీద కేసు పెట్టారు. కాగితం తొక్కిపెట్టినందుకు హెడ్మాస్టరు గారి మీద కూడా పెట్టారు. చదవకుండా స్టాంపు వేసినందుకు వీరభద్రం గారికి మెమో వచ్చింది. మూడోసారి నుంచి చదివే వేశానని ఆయన జవాబు రాసుకున్నారు. నన్ను సాక్ష్యంగా తీసుకెళ్ళి, గుడ్డలో చుట్టి, పైన లక్కతో ఇంకో ముద్ర వేసి కోర్టు బీరువాలో పెట్టారు. నా చక్రాల మీద ఆ సోమవారం తేదీ అలాగే ఉంది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. నోటితో అడిగింది కదా, కాగితం లేదు, నంబరు లేదు. నాకు మాత్రం అందింది.