కొలతల మాస్టారి కూతురు

మా బావ దగ్గర గోల్ఫ్ నేర్చుకోవాలంటే ముందు గోడకు ఆనుకుని నిలబడాలి. ఎత్తెంత, చేతులు బారచాపితే ఎంత, ఛాతీ ఎంత, అన్నీ టేపుతో కొలిచి రాసుకున్నాకే స్టిక్ చేతికిస్తాడు. స్టిక్ ఊపడానికి పొడుగు చేతులవాళ్ళకు ఒక స్వింగ్, పొట్టి చేతులవాళ్ళకు ఇంకొకటి. అందుకే అందరూ ఆయన్ని కొలతల మాస్టారు అంటారు.

అంతటి మాస్టారు సొంత కూతుర్ని మాత్రం ఒక్కసారి కూడా ఆ గోడ దగ్గర నిలబెట్టలేదు. "అది నా రక్తం. నా స్వింగే దానికీను" అనేవాడు. బావేమో తాటిచెట్టంత మనిషి. పిల్ల ముమ్మూర్తులా మా అక్క, పొట్టి చేతులు, వెడల్పాటి ఛాతీ. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. ఆ సంగతి తెలియడానికి నాకు టేపు కూడా అక్కర్లేదు.

జూనియర్ జట్టు ఎంపికలో ఆఖరి రోజు పొద్దున, బట్టలు మార్చుకునే గదిలో పిల్ల చొక్కా విప్పి నా చేతికిచ్చింది. కుడి భుజం వెనక కుట్టు విడిపోయింది, నెలలో మూడోసారి. సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తి చూస్తే దాని నడుముకు పట్టీ. వంగి బూటు లేసు కట్టుకోలేకపోతోంది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"నాన్నకు చెప్పకు పిన్నీ. ఈ ఒక్క రోజు గడవనీ. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పొద్దన్న మాట గుమ్మం దాకా కూడా ఆగలేదు. బయట బంతులు సర్దుకుంటున్న బావ ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"దాని చేతులు నీలా అంత పైకి వెళ్ళవు బావా. మడమలు నేలకు అతికించి, తుంటి కదపకుండా భుజాలు తిప్పమంటే నడుమేం కావాలి? పట్టీ కట్టుకుని ఆడుతోంది నీ కూతురు!"

"కుట్టు నిలబెట్టడం చేతకాదు గానీ, నాకు ఆట నేర్పడానికొచ్చావా?"

నా మెడలోని టేపు తీసి ఆయన మీదకు విసిరాను. "కొలువు. ఊళ్ళోవాళ్ళ పిల్లలందర్నీ కొలుస్తావుగా!"

ఇంకో చొక్కా తగిలించుకుని నా వెనకే వచ్చిన పిల్ల గది గోడకు ఆనుకుని చేతులు చాచింది. బావ కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఎత్తు కంటే బార రెండున్నర అంగుళాలు తక్కువ.

"ఈ కొలతలతో బయటి పిల్ల వస్తే ఏం చెప్తావు?" అన్నాను.

"చేతులు ఛాతీ దాటనివ్వను. ఎడమ మడమ లేపి తుంటి బాగా తిప్పమంటాను." టేపు చేతికి చుట్టుకుంటూ అన్నాడు బావ. వెంటనే మళ్ళీ బిగిసిపోయాడు. "అయినా గంట ముందు స్వింగ్ మారిస్తే ఉన్నది కూడా పోతుంది. ఈ రోజుకు నాదే ఆడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! పిల్ల సరేనని తలూపింది.

పదిహేడు గుంటల దాకా తండ్రి చెప్పినట్టే ఆడింది. పళ్ళు బిగబట్టి ఆడింది. ఆఖరి గుంట నాలుగు దెబ్బల్లో ముగిస్తే జట్టులో చోటు, అయిదైతే ఇంటికి. మొదటి దెబ్బకే బంతి పక్కనున్న దట్టమైన గడ్డిలో పడింది. ఇక చెరువు దాటించాలి. ఒకసారి ఉత్తినే ఊపి చూసుకుని, చెయ్యి నడుము మీద వేసుకుని, ప్రేక్షకుల తాడు ఇవతల ఉన్న తండ్రి వైపు చూసింది.

ఆట నడుస్తుండగా సలహా ఇస్తే శిక్ష పిల్లకే. బావ పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు. ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు.

పిల్ల చూపు తిప్పుకుంది. ఎడమ మడమ లేచింది. చేతులు ఛాతీ దగ్గరే ఆగాయి, ఒళ్ళంతా ఒక్కసారిగా తిరిగింది. బావ ఇతరుల పిల్లలకు నేర్పే స్వింగ్ అది. రోజూ పక్కన నిలబడి చూసిందేగా! అంత చిన్న ఊపుకు బంతి నీళ్ళ పాలేనని కళ్ళు మూసుకున్నాను. చప్పట్లు వినపడి తెరిస్తే, బంతి చెరువు అవతల జెండా దగ్గర ఉంది. ఇంకో రెండు దెబ్బలకు గుంటలో పడింది.

ఎంపిక చేసే పెద్దాయన వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఆఖర్న ఎంత చక్కటి స్వింగండీ! ఆ ఒంటికి సరిగ్గా సరిపోయింది. మీరే నేర్పారా?"

బావ కూతురి వైపు చూశాడు. అది నడుము పట్టుకుని, ఏడుస్తూ నవ్వుతోంది.

"లేదండీ," అన్నాడు. "ఆరేళ్ళుగా దాన్ని అలా ఆడనివ్వంది నేనే."