వాయిస్తాడండి

నేను ఒక డోలును. పనస మొద్దు తొలిచి, రెండు వైపులా మేకతోలు బిగించి నన్ను చేశారు. చెట్టూ చచ్చి, మేకా చచ్చాక నాకు నోరొచ్చింది. అయినా నన్ను వాయించగానే "డోలు మాట్లాడుతోందిరా" అని మనుషులు మెచ్చుకుంటారు. వాళ్ల మెప్పు ఎప్పుడూ అంతే.

మొదట ఒక తాత భుజాన ఉన్నాను, తర్వాత ఆయన కొడుకు సూరన్న భుజానికి వచ్చాను. మేళంలో కాలం అంటే వేగం. సూరన్న మూడో కాలం ఎత్తుకున్నాడంటే పెళ్లికొడుకు కూడా పెళ్లికూతుర్ని మరిచిపోయి మావైపు చూసేవాడు.

సూరన్న కూతురు నూకరత్నానికి కాలం అంటే వ్యాకరణం. నా పక్కన కూర్చుని పైకి చదివేది. అయిపోయింది భూతకాలం. కాబోయేది భవిష్యత్తు. ఎప్పుడూ ఉండే గుణాన్ని చెప్పేది తద్ధర్మం. పక్షి ఎగురుతుంది. చేప ఈదుతుంది.

"నాన్న డోలు వాయిస్తాడు. ఇదేంటే మరి?" అని సూరన్న ఏడిపించేవాడు.

"అదీ తద్ధర్మమే నాన్నా."

వానాకాలంలో జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్లిన సూరన్న మళ్లీ నడిచి రాలేదు. నన్ను పాత చీరలో చుట్టి మూలన పెట్టారు. అందరి మాటలూ మారిపోయాయి. అనేవాడు, తినేవాడు, నవ్వేవాడు. నూకరత్నం మాత్రం మారలేదు.

"నాన్నకి వంకాయ పడదమ్మా."

"పడేది కాదు అనవే, పిచ్చిపిల్లా" అని తల్లి చిట్టెమ్మ కళ్లొత్తుకునేది. పిల్ల తల దించుకుని కంచంలో వేలితో గీతలు గీసేది.

ఒకరోజు చిట్టెమ్మ నాట్లకు వెళ్లినప్పుడు ఏటి అవతల నుంచి వీర్రాజు అనే పెద్దమనిషి వచ్చాడు.

"సూరన్న ఇల్లు ఇదేనా అమ్మా? డోలు బెమ్మాండంగా వాయిస్తాడంట కదా?"

నూకరత్నం నేల చూపులు చూస్తూ, "వాయిస్తాడండి" అంది.

మన భాషలో ఎప్పుడూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ మాట ఒకటే. పిల్ల ఒకటి అంది, ఆయన ఇంకొకటి విన్నాడు. ఆమె చేతిలో తాంబూలం పెట్టి, "మా అమ్మాయి పెళ్లి. నాన్నకి చెప్పు" అని ముహూర్తం చెప్పి వెళ్లిపోయాడు. తాంబూలం అందుకుంటే మాట ఇచ్చినట్టే.

సాయంత్రం చిట్టెమ్మ తాంబూలం చూసి, సంగతి విని గుండె బాదుకుంది. "పందిట్లో మేళం లేకపోతే వాళ్ల పరువేం కావాలే? అంత అబద్ధం ఎలా ఆడావే?"

"అబద్ధం ఆడలేదమ్మా. 'వాయించేవాడు' అనడానికి నోరు రాలేదు."

చిట్టెమ్మ గడప మీద కూలబడింది. "మనిషిని ఎలాగూ ఇవ్వలేం. డోలునైనా ఇద్దాం. కానీ ఆ మాట నువ్వే చెప్పాలి" అంది.

తెల్లారి నన్ను మోసుకుని పడవ ఎక్కారు. వీర్రాజు వాకిట్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు.

"నాన్న ఏడమ్మా? డోలు మీరు మోసుకొచ్చారేంటి?"

నూకరత్నం నన్ను గట్టిగా పట్టుకుంది.

"మా నాన్న... వాయించేవాడండి."

అంతే. నా మీద తల వాల్చి ఏడ్చేసింది. వీర్రాజు భుజం మీద కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఊరుకో తల్లీ, ఊరుకో" అన్నాడు. చిట్టెమ్మ తాంబూలం తిరిగి ఇవ్వబోతే, "ఇచ్చింది తిరిగి పుచ్చుకోనమ్మా. వాయించే మనిషిని మేం చూసుకుంటాం. మోగేది ఈ డోలే" అన్నాడు.

పెళ్లిలో ఎవరో కొత్తతను వాయించాడు. బరువు చెయ్యి. మూడో కాలం అందుకోబోయి రెండుసార్లు జారాడు. జనానికి తెలియలేదు, బాగానే ఉందన్నారు. పందిరి గుంజ పక్కన నూకరత్నం పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

పెళ్లివారిలో ఒక ముసలామె అడిగింది: "ఎవరిదే పిల్లా ఈ డోలు?"

"మా నాన్నదండి."

ఆ మాటలో క్రియ లేదు. అందుకేనేమో, తడబడకుండా చెప్పింది.